అరచెయ్యంత ఖాళీ

మార్చి 2

కత్తెర ఫోన్ చేశాడు. నా కింద సబ్ ఎడిటర్‌గా చేరి, నా వాక్యాలు కోయడం నేర్చుకుని, చివరికి నా శీర్షికనే కోసేసిన మనిషి. ఇప్పుడు పేపరుకు ఎడిటర్. గొంతులో చక్కెర పోసుకుని మాట్లాడాడు.

"సార్, మీ తమ్ముడిగారి అమ్మాయి ఎగ్జిబిషన్ పెడుతోందట కదా. మీరు రాస్తే బాగుంటుంది."

"రాసేవాళ్లు లేరా మీ దగ్గర?"

"ఉన్నారు సార్. ఇంటి మనిషి రాస్తే ఆ పదును వేరు."

పదును అన్నాడు. వాడికేం కావాలో నాకు తెలుసు. నాకేం కావాలో వాడికీ తెలుసు. సరే అన్నాను.

మార్చి 3

శీర్షిక ఆగిపోయాక ఇంత హాయిగా నిద్రపట్టడం ఇదే మొదలు.

మార్చి 5

చూసి వచ్చాను. ఒకప్పటి మంచు గిడ్డంగిని గ్యాలరీ చేశారు. ఇటుకలకు పాత తడి ఇంకా ఉంది. అది చాలదన్నట్టు ఏసీ. చలికి పళ్లు కొట్టుకున్నాయి. ఎందుకమ్మా ఇంత చలి అంటే, చెమట పడితే ఒంటిమీద రంగు కారిపోతుంది పెదనాన్నా, అంది అమ్మాయి.

టైర్ల దుకాణం కింద బేస్‌మెంట్‌లో తమ్ముడు పోయేదాకా నడిపిన జిమ్మును ఊడబెరికి తెచ్చి ఇక్కడ పెట్టింది. అంచులు నల్లబడిన అద్దాలు, రబ్బరు చాపలు, పెచ్చులూడిన ఇనుప బిళ్లలు. గోడమీద తమ్ముడి చేతిరాతతో బోర్డు: "బరువులు విసరరాదు. మూలగవచ్చును, ఏడవరాదు." తెలుగు రాయడం రానివాడు ఒక్క వాక్యం బాగా రాశాడు. దాని పేరు కళ కాదు, అదృష్టం.

ఎగ్జిబిషన్ పేరు "వెనక వైపు". హాలు చివర చిన్న వేదిక. సాయంత్రాలు బేస్‌మెంట్ వాళ్లలో ఇంకా బతికున్న ముసలి కండలవాళ్లు ఒంటికి రంగు పూసుకుని, జనానికి వీపు పెట్టి, ఒక పాట అయ్యేదాకా నిలబడతారట. ఏ అద్దంలోనూ ముఖం కనిపించకుండా అన్నీ తిప్పి పెట్టింది. ఈ ఒక్క ఆలోచన బాగానే ఉంది. నేను చదివిన పుస్తకాలన్నిట్లో వీరులు ముందు నుంచే కనిపిస్తారు. వీరుడి వీపును ఎవరూ వర్ణించలేదు, పారిపోతున్నప్పుడు తప్ప.

దీన్ని మాత్రం నేను రాయను. ఒక మంచి మాట రాస్తే కత్తెర దాన్నే మొదట కోస్తాడు.

ఇక దుప్పట్లు. పోటీకి ముందు రోజు ఒంటికి గోధుమరంగు పూసుకుంటారు. ఈ మనుషుల భాషలో అది "పూత". ఎవడి వీపు వాడికి అందదు కాబట్టి ఇంకొకడు పూయాలి. పూసేటప్పుడు ఎవడూ ఎవడి ముఖంలోకి చూడకూడదని వాళ్ల నియమం. తర్వాత తెల్ల దుప్పటి మీద పడుకుంటే తెల్లారేసరికి వీపు మొత్తం అచ్చు దిగుతుంది. మరదలు వాటిని ఉతికి ఉతికి విసిగిపోయింది, పారేయనూ లేదు. ఒక్కో పోటీకి ఒక్కో దుప్పటి. తమ్ముడి వీపులన్నీ వరసగా తాళ్లకు వేలాడుతున్నాయి. కుర్రవాడి వీపు, నడివయసు వీపు, చివరిది కాస్త వంగిన వీపు.

ప్రతిదాంట్లోనూ ఎడమ భుజం కింద అరచెయ్యంత ఖాళీ ఉంది. అక్కడ రంగు లేదు.

క్యూరేటర్ దాని ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. "ఇది శూన్యం సార్. మగతనం మధ్యలో ఉండే శూన్యం." మాట్లాడిన పది మాటల్లో నాలుగు శూన్యాలు. శూన్యంగారు అనే పేరు ఖాయం చేశాను.

"ఏంటమ్మా అది?" అని అమ్మాయిని అడిగాను.

"నాకూ తెలీదు పెదనాన్నా. అన్నిట్లోనూ ఉంది. అమ్మకీ తెలీదట. నాన్నని అడుగుదామంటే..." అని ఆగిపోయింది.

"ఉతుకులో పోయి ఉంటుంది."

"అన్నిట్లోనూ ఒకే చోటా?"

మార్చి 6

మా నాన్న నా పుస్తకాల అలమర పైవరస ఖాళీ చేయించి తమ్ముడి కప్పులు పెట్టించాడు. పుస్తకాలు మంచం కిందికి వెళ్లాయి. వచ్చినవాళ్లందరికీ వేలెత్తి చూపించేవాడు: "అవి మా చిన్నాడివి." కింద వరసలో పుస్తకాలు ఎవరివని ఎవరూ అడగలేదు.

నాకూ నాటకాల పిచ్చి ఉండేది ఆ రోజుల్లో. రాజు వేషం. తమ్ముడు నా కిరీటం పట్టుకుని తెర పక్కన నిలబడ్డాడు. ఆ రోజు నాకు గొంతు పట్టేసింది. జలుబు. ఇంకొకడు వేశాడు. తర్వాత నటన కంటే విమర్శే గొప్పదని గ్రహించి అటు వెళ్లాను. నిర్ణయం నాది.

తమ్ముడికి భయం అంటే తెలియదు. ఒంటినిండా కండ ఉన్నవాడికి భయం పెట్టుకోవడానికి చోటెక్కడ? చెడ్డీ ఒక్కటి వేసుకుని వెయ్యిమంది ముందు నవ్వుతూ నిలబడేవాడు. నవ్వేవాడని విన్నాను. ప్రతి పోటీకీ నాకు పాసు పంపేవాడు. నాకు పని ఉండేది.

మార్చి 8

అమ్మాయి వచ్చింది. కాఫీ తనే కలిపి, నా గిన్నెలు కూడా కడిగింది, అడక్కుండానే. మా ఆవిడ పోయాక ఈ వంటింట్లో ఇంకొకరి చేతి చప్పుడు వినడం తక్కువ.

పెద్ద మ్యూజియం వాళ్లు ఈ ప్రదర్శనను తమ దగ్గరికి తీసుకెళ్లాలని చూస్తున్నారట. వాళ్లు మనిషిని పంపరు, పేపరు చూస్తారు. కళల పేజీ మిగిలిన పేపరు మాదొక్కటే.

"తీసుకోకపోతే?"

"గిడ్డంగి ఖాళీ చెయ్యాలి. ఇనుము ఇనుముకి పోతుంది, అద్దాలు పగులుతాయి. నాన్న జిమ్ము ఇంకెక్కడా ఉండదు. అంతే." తర్వాత నవ్వింది. "నువ్వు రాస్తున్నావని తెలిసింది. నేనేం అడగను. నీకు నచ్చినట్టు రాయి. కానీ పూర్తిగా చూసి రాయి పెదనాన్నా, సరేనా?"

"నేను చూడకుండా రాసింది ఎప్పుడమ్మా?"

మార్చి 9

నేనెవరికీ మాట ఇవ్వలేదు.

మార్చి 11

రిహార్సల్. తమ్ముడి స్థానంలో నిలబడింది వాడి జిమ్ము జోడీదారు. ఎప్పుడో "మిస్టర్" అనే బిరుదుకు రెండో స్థానం వచ్చింది, అప్పటినుంచీ అందరూ మిస్టర్ అనే పిలుస్తారు. బీమా పాలసీలు అమ్మేవాడు. పొట్ట ముందుకొచ్చింది, గర్వం దానికంటే ముందుకొచ్చింది.

"ఏం అన్నా, చూశావా పిక్కలు? ఈ వయసులో ఈ పిక్కలు ఎవడికున్నాయి చెప్పు!"

"పిక్కలు సరే. ఆ పొట్ట ఎవరిది?"

"అది మా ఆవిడది. నాకు అంటగట్టింది." బేస్‌మెంట్ వాళ్లంతా పడీపడీ నవ్వారు. వాళ్ల పలకరింపే ఒకరి జబ్బ మీద ఒకరు గుద్దుకోవడం. నా జబ్బ మీద ఎవరూ గుద్దలేదు.

పాట మొదలైంది. మిస్టర్ వీపు పెట్టి నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు తల తిప్పి అందరూ చూస్తున్నారా లేదా అని చూశాడు. అమ్మాయి పెదవి కొరుక్కుంది.

నాకు కావలసింది దొరికింది.

మార్చి 12, మధ్యాహ్నం

పొద్దున్నే కూర్చుని రాసి పంపించేశాను. ప్రారంభం ఇవాళ సాయంత్రమే, అయినా నా పద్ధతి ఎప్పుడూ ఇదే. రిహార్సల్ చూడటం, ప్రదర్శన అయిపోయినట్టే రాయడం, మధ్యాహ్నానికల్లా పంపడం. సాయంత్రానికి పేజీ కట్టేస్తారు, తెర లేచేసరికి సమీక్ష అచ్చులో ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాగే చేశాను. ఒక్కరూ కనిపెట్టలేదు. రిహార్సల్లో లేనిది ప్రదర్శనలో కొత్తగా పుట్టుకురాదు.

చాలాకాలానికి కలం పరిగెత్తింది. రెండు వాక్యాలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, కత్తెర వాటిని కోసినా నా దగ్గర ఉండాలి.

"ఉతుకులో పోయిన రంగుకు శూన్యమని పేరు పెట్టి తాడుకు ఆరేశారు."

"నిన్న సాయంత్రం ఛాంపియన్ స్థానంలో నిలబడిన ముసలాయన వీపు మనకేమీ చెప్పలేదు. చెప్పడానికి దానికేమీ లేదు. ఎందుకు నిలబడ్డాడో ఆ ఒంటికే తెలియదు."

కత్తెర వెంటనే ఫోన్ చేశాడు. "ఒక్క అక్షరం ముట్టుకోను సార్." వాడి నోటినుంచి ఈ మాట వినడానికే నేనింతకాలం బతికున్నాను.

అదే రోజు, మూడున్నర

అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. శూన్యంగారి ముందు బడాయికి పోయి మిస్టర్ ఇనుప బిళ్లలు ఎత్తాడట. నడుము పట్టేసింది. కూర్చోగలడు, నిలబడలేడు. మిగతావాళ్లకు వాళ్ల వాళ్ల వంతులున్నాయి.

"నువ్వు నిలబడు పెదనాన్నా."

"నాకేమన్నా మతిపోయిందా!"

"నీ వీపు నాన్న వీపే. అటు తిరిగి కాఫీ తాగుతుంటే మొన్న ఇదే గదిలో చూశాను. ఒక్క క్షణం..." ఆమె కళ్లు తుడుచుకోలేదు, అలాగే నా వైపు చూసింది. "నీకు కండలక్కర్లేదు. నిలబడితే చాలు. ఎవరూ ముఖం చూడరు."

విమర్శకుడు ఒకసారి లోపలినుంచి కూడా చూడాలి కదా. అందుకని ఒప్పుకున్నాను.

బట్టలు మార్చుకునే ముందు కత్తెరకు ఫోన్ చేశాను. ఒక కామా సరిచేయాల్సి ఉంది.

"పేజీ వెళ్లిపోయింది సార్. సాయంత్రం తీసే ఫోటోకి మాత్రం చోటు వదిలాం."

"ఆపలేవా?"

"కామా కోసమా సార్?"

కామా కోసమే అన్నాను.

మార్చి 13

నిన్నటిది వరసగా రాస్తాను.

గ్యాలరీ వెనక టార్పాలిన్ కట్టిన చిన్న అర. లోపలంతా ఏళ్ల నాటి గోధుమరంగు చిందులు. మిస్టర్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, నడుముకు బెల్టు. చేతిలో స్పాంజి. నేను చొక్కా విప్పి వాడికి వీపు పెట్టి నిలబడ్డాను. ఇంత వెలుతురులో ఇంకో మనిషి ముందు చొక్కా విప్పడం డాక్టరు దగ్గర తప్ప లేదు.

"కదలకు అన్నా. గోడకు సున్నం కాదిది."

"నీ చెయ్యి చల్లగా ఉంది."

"నా చెయ్యి వెచ్చగానే ఉంది. నువ్వే వణుకుతున్నావు."

"ఏసీ ఎక్కువగా ఉంది."

"మీ వాడు ఫ్యాను గాలి అనేవాడు."

స్పాంజి ఆగింది. ఎడమ భుజం కింద వాడి అరచెయ్యి వచ్చి ఆనింది. అలాగే ఉంచాడు. ఉంచి, ఆ పాత పోటీలో జడ్జీలు తనను ఎలా ముంచారో చెప్పడం మొదలుపెట్టాడు. ఊరంతా విన్న కథ.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు. ఈ వణుకు ఆగేదాకా ఉంచాలి. వణుకుతుంటే పూస్తే చారలు పడతాయి. చెయ్యి తీస్తే మళ్లీ మొదలవుతుంది, అందుకే చుట్టూనే పూస్తా. మీ వాడికి ప్రతిసారీ ఇంతే. కప్పులు ఇంటినిండా అయ్యాక కూడా ఇంతే. మొదటిసారి నేను నవ్వాను. నవ్వితే ఏమన్నాడనుకున్నావు? 'మా అన్నకీ ఉందిరా ఇది, నేను చూశాను. కాకపోతే వాడు స్టేజి మానేశాడు' అన్నాడు."

టార్పాలిన్ మీది రంగు చిందులు చూస్తూ నిలబడ్డాను.

"తెల్లారి రెండో పూత వేసేటప్పుడు ఆ మచ్చ కప్పేసేవాణ్ని. స్టేజి మీద ఎవడికీ తెలిసేది కాదు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు, ఆ పిల్లకి కూడా చెప్పలేదు నేను. నీకైతే చెప్పొచ్చు. నువ్వూ అదే సరుకు."

వేసిన ఒట్టు నిలబెట్టుకోలేనివాడు. పైగా అబద్ధాలకోరు, అది అందరికీ తెలిసిందే.

రెండో పూతకు లేవలేకపోయాడు. "మసక వెలుతురేలే, ఎవడు చూస్తాడు," అన్నాడు.

వేదిక మీద నా ఎదురుగా ఉన్నది ఇటుకగోడ. వెనక జనం. అడుగుల చప్పుడు, దగ్గు, బట్టల రాపిడి, తర్వాత ఏమీ లేదు. పాట అంత పొడుగ్గా ఉంటుందని తెలియదు. రిహార్సల్లో అంత పొడుగ్గా లేదు. ఎవరో చాలా దగ్గరగా వచ్చి నిలబడ్డారు, ఊపిరి తగిలింది. వెళ్లలేదు. ఆ ఊపిరి ఎవరిదో తెలియదు.

పాట అయ్యాక అమ్మాయి నా భుజాల మీద తువ్వాలు కప్పింది. "థాంక్స్ పెదనాన్నా. రేపు నూనె తెస్తాను. వీపు నీకు అందదు, నేను తుడుస్తాను," అంది. ఇంటికొచ్చి అలాగే పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే దుప్పటి మీద నా వీపు. నా వయసుకు మొదటిసారి చూశాను దాన్ని. ఎడమ భుజం కింద అరచెయ్యంత ఖాళీ.

గుమ్మంలో పేపరు. కత్తెర మాట నిలబెట్టుకున్నాడు, ఒక్క అక్షరం ముట్టుకోలేదు. శీర్షిక మాత్రం తనే పెట్టాడు: "ఎందుకు నిలబడ్డాడో తెలియని వీపు". పక్కనే పెద్ద ఫోటో. మసకగా ఉంది, అయినా నాదేనని తెలుస్తోంది.

మార్చి 14

చేతులకు, ఛాతీకి రంగు పోయింది. సబ్బుతో పోతుంది. వీపుకు చెయ్యి అందదు.

అమ్మాయి రాలేదు. ప్రదర్శన పనుల్లో ఉండి ఉంటుంది.

మార్చి 15

రాలేదు.

మార్చి 17

కత్తెర: "సార్, భలే స్పందన. నిలబడింది మీరే అని తెలిసి జనం పగలబడి నవ్వుతున్నారు. 'నా వీపు గురించి నేనే' అని ఇంకొకటి రాస్తారా? సరదాగా?"

ఫోన్ పెట్టేశాను. వాక్యాలు మాత్రం బాగున్నాయి. వాటిలో తప్పు చూపించమనండి ఎవరినైనా.

మార్చి 20

మిస్టర్ ఫోన్ చేశాడు. మ్యూజియం వాళ్లు వద్దన్నారట. పేపరు కటింగ్ కూడా జతచేసి పంపారట. "ఏందన్నా ఇది, పొద్దున తిట్టి సాయంత్రం నిలబడ్డావా? సాయంత్రం నిలబడి పొద్దున తిట్టావా? నాకర్థం కాలేదు," అన్నాడు. మళ్లీ తనే, "అయినా నువ్వు తిట్టింది నన్నే కదా?" అన్నాడు, ఆశగా.

అవునన్నాను. సంతోషించాడు.

మార్చి 23

మిగతా దుప్పట్లు ఉతికాను. ఆ ఒక్కటీ ఉతకలేదు. ఎందుకో బద్ధకం.

మార్చి 27

ఇవాళ ఆఖరి రోజు. దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లాను. అటువైపు వేరే పని కూడా ఉంది.

గిడ్డంగి ముందు లారీ ఆగి ఉంది. ఇనుము ఎక్కిస్తున్నారు. ఏసీ ఆపేశారు, అయినా లోపల చలి. బోర్డు నేలమీద గోడకు ఆనించి ఉంది. అమ్మాయి తాళ్లమీదినుంచి దుప్పట్లు దించుతోంది. నన్ను చూసి ఆగలేదు.

"ఎప్పుడు రాశావది? నిలబడ్డాకా, నిలబడకముందా?"

"ముందే. నా పద్ధతి..."

"చూడకుండా."

"రిహార్సల్ చూశాను."

"నేను అడిగింది ఒక్కటే కదా పెదనాన్నా. పొగడమనలేదు. చూసి రాయమన్నాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది. "ఆ సాయంత్రం అమ్మ నీ వెనకాల నిలబడి ఏడ్చింది తెలుసా? ఇంటికెళ్లి, మీ నాన్న మళ్లీ కనిపించాడే అంది. పొద్దున్నే పేపరు తెరిచింది."

సంచిలోంచి దుప్పటి తీసి ఇచ్చాను. "ఇది... నువ్వు దాచుకుంటావేమోనని."

విప్పింది. చాలాసేపు చూసింది. తమ్ముడి చివరి దుప్పటి తెచ్చి పక్కన పరిచింది. రెండు వీపులు, రెండు ఖాళీలు, ఒకే చోట. ఆమె వేళ్లు ఒకదానిమీదినుంచి ఇంకోదానిమీదికి వెళ్లాయి.

"ఏంటిది?" ఈసారి గొంతు వేరుగా ఉంది, చిన్నపిల్లప్పటి గొంతు. "నీకు తెలుసు. నాన్నకేమైంది ఇక్కడ? చెప్పు పెదనాన్నా."

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట తమ్ముడి గురించే, కానీ నా దుప్పటి కూడా అక్కడే పరిచి ఉంది. శూన్యంగారు అటే వస్తున్నాడు. లారీ వాళ్లు చూస్తున్నారు. గొంతు పట్టేసింది.

"ఉతుకులో పోయి ఉంటుంది," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"దీన్ని ఇంకా ఉతకలేదు కదా."

దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, మడతలు సరిచేసి, నా చేతిలో పెట్టింది. తమ్ముడివి అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్తూ నన్ను తాకకుండా పక్కకు తప్పుకుంది, వేదిక మీది బొమ్మను తప్పించుకు వెళ్లినట్టు.

మార్చి 28

జలుబు చేసింది.

మార్చి 30

అలమర పైవరస తుడిచి దుప్పటి అక్కడ పెట్టాను. బాగాలేదు. తీసేశాను.

ఏప్రిల్ 2

వీపు మీద రంగు ఉందో పోయిందో తెలియదు. చూసి చెప్పేవాళ్లు లేరు.

మధ్యాహ్నం దుప్పటి మంచం మీద పరిచి, చొక్కా విప్పి, అచ్చు మీద అచ్చుగా పడుకోవడానికి ప్రయత్నించాను. భుజాలు కుదిరాయి, నడుము కుదిరింది. ఎడమ భుజం కింద ఆ ఖాళీ కూడా కుదిరింది. అక్కడ దుప్పటి చల్లగా ఉంది.

కాసేపటికి వణుకు మొదలైంది. ఇంట్లో ఏసీ లేదు. ఫ్యాను ఆపే ఉంది.